ప్లగ్-ఇన్ కాలం: అమీర్‌పేట, పంజగుట్ట నెట్ సెంటర్ల నాటి సంగతులు

ఈ ప్రత్యేక సంచికకు మన ఉద్యోగకాలంలో వచ్చి, మన కళ్లముందే కనుమరుగైన ఒక వస్తువును గురించి వ్రాయమని సంపాదకవర్గం వారు అడిగారు. టైపు మిషను గురించి, సైక్లోస్టైలు గురించి వ్రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను కంటికి కనబడని వస్తువునొకదాన్ని ఎంచుకున్నాను. దాని పేరు ప్లగ్-ఇన్. పేరు వినగానే గోడకు గుచ్చే ప్లగ్గు గుర్తుకు వస్తే తప్పు లేదు, పోలిక అక్కడి నుండే వచ్చింది.

1999 నాటి మాట. పంజగుట్టలో మా బస్సు స్టాపు ఎదురుగా మేడమీద ఒక నెట్ సెంటరు ఉండేది. నాలుగు చెక్క గదులు, నాలుగు కంప్యూటర్లు, గంటకు 40 రూపాయలు. అమెరికాలో చదువు పూర్తిచేసి అక్కడే యూనివర్సిటీలో పనిచేస్తున్న మా అబ్బాయి, రెండేళ్ల తన కొడుకు మాటలు రికార్డుచేసి యూనివర్సిటీ వారిచ్చిన తన పేజీలో పెట్టానని ఉత్తరం వ్రాశాడు. మా ఆవిడా నేనూ ఆదివారం పూట వెళ్లి కూర్చున్నాం. పేజీ వచ్చింది. పిల్లవాడి ఫోటో పైనుండి కిందకు ఒక్కొక్క గీతగా దిగింది. దాని కింద మాట వినిపించవలసినచోట మాత్రం పిల్లలు ఆడుకునే అట్టముక్కల ఆటలోని ఒక ముక్క బొమ్మ కనిపించింది, అంతే. "ప్లగ్-ఇన్ లేదు అంకుల్, వేస్తాను, కాస్త కూర్చోండి" అన్నాడు సెంటరు కుర్రవాడు. ఆ "కాస్త" ముప్పావుగంట పట్టింది.

అలా ఎందుకు పట్టిందో అప్పుడు తెలియలేదు. తరువాత పట్టుదలకు పోయి తెలుసుకున్నాను. మన ఆఫీసు భాషలో చెబుతాను. బ్రౌజరు అనేది ఇన్‌వర్డు గుమాస్తా వంటిది. వచ్చిన ప్రతి తపాలు మీద అది ఏ రకం కాగితమో ఒక గుర్తు ఉంటుంది. అక్షరాలైతే, మామూలు బొమ్మలైతే గుమాస్తా తానే చూసుకుంటాడు. పాట, సినిమా, కదిలే బొమ్మ వస్తే సంబంధిత సెక్షనుకు పంపాలి. ఆ సెక్షనే ప్లగ్-ఇన్. సెక్షను లేకపోతే కాగితం గుమాస్తా బల్లమీదే ఆగిపోతుంది. మేము చూసిన అట్టముక్క బొమ్మ ఆ ఆగిపోయిన కాగితమే. నెట్‌స్కేప్ బ్రౌజరులో ప్లగ్-ఇన్స్ అనే ఒక ఫోల్డరు ఉండేది. ఎన్, పి అనే రెండు అక్షరాలతో పేరు మొదలయ్యే చిన్న ఫైళ్లు అందులో ఉండేవి. బ్రౌజరు తెరవగానే ఆ ఫోల్డరు చూసి, ఏ సెక్షను హాజరులో ఉందో లెక్క వేసుకునేది. అందుకే కొత్త ప్లగ్-ఇన్ వేసిన తరువాత బ్రౌజరును ఒకసారి మూసి తెరవవలసి వచ్చేది. తెలిసిన కుర్రవాళ్లు అడ్రసు గడిలో "అబౌట్, కోలన్, ప్లగ్-ఇన్స్" అని కొట్టి ఆ హాజరుపట్టీని తెరమీద చూపించేవారు.

ఈ ఏర్పాటు 1996లో బయటకు వచ్చిన నెట్‌స్కేప్ 2వ వెర్షనుతో మొదలైంది. జావాస్క్రిప్టు కూడా దానితోనే వచ్చింది. నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ అనే ఇంజనీరు 1995 మే నెలలో 10 రోజుల్లో దాని తొలి రూపం తయారుచేశాడు. ఇది వేరే తగిలించుకునేది కాదు, బ్రౌజరులోనే ఉండేది. మైక్రోసాఫ్టు వారు ఊరుకుంటారా? 1996 ఆగస్టులో తమ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 3లో వి.బి.స్క్రిప్టు అనే మరో భాషను, యాక్టివ్-ఎక్స్ అనే మరో పద్ధతిని పెట్టారు. నెట్‌స్కేప్‌కు అవి అర్థం కావు. అర్థమయ్యేలా చేయడానికి కెనడాలోని ఎన్‌కంపాస్ అనే కంపెనీ స్క్రిప్ట్ యాక్టివ్ అనే ప్లగ్-ఇన్ అమ్మింది. అంటే ఒక బ్రౌజరు మాట మరో బ్రౌజరుకు చెప్పడానికి దుబాసీ! ఇద్దరు దొరల తగాదాలో నలిగినవాడు మాత్రం మన నెట్ సెంటరు కుర్రవాడే. "ఈ సైటు ఎక్స్‌ప్లోరర్‌లో చూడండి", "ఈ సైటు నెట్‌స్కేప్‌లో చూడండి" అని పేజీల అడుగున బోర్డులు ఉండేవి.

ఇక ముప్పావుగంట సంగతి. దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరాల్లో మొదలైంది. మనకు తరువాత వచ్చింది. ప్రైవేటు కంపెనీలకు 1998 నవంబరులో తలుపులు తెరిచారు. అంతా టెలిఫోను తీగమీదే. సెకనుకు 28,800 బిట్ల మోడెము మీద 3 మెగాబైట్ల ఫైలు దించాలంటే, లైను ఒక్కసారి కూడా తెగకపోతే, కాగితం మీద లెక్కకే పావుగంట. లైను తెగకపోవడం ఎక్కడిది? సగంలో తెగితే మళ్లీ మొదటినుండి. ఫ్లాష్ ప్లగ్-ఇన్ కొన్ని వందల కిలోబైట్లే కనుక తేలిక. రియల్‌ప్లేయరు, జావా వంటివి మెగాబైట్లు. అందుకని పీసీ క్వెస్ట్, చిప్ వంటి ఇంగ్లీషు పత్రికలతో ఉచితంగా వచ్చే సీడీలకు అమీర్‌పేటలో మహా గిరాకీ. పత్రిక చదివేవాడొకడు, సీడీ కోసం కొనేవాళ్లు పదిమంది. ఒక సీడీ మైత్రీవనం నుండి పంజగుట్ట దాకా చేతులు మారుతూ వెళ్లడం నేను కళ్లారా చూశాను.

మైత్రీవనం అన్నాను కనుక అమీర్‌పేట మాట చెప్పాలి. హుడా వారు కట్టించిన ఆ భవనంలోనే, సైబర్ టవర్స్ లేని రోజుల్లో, కేంద్రప్రభుత్వ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కు కార్యాలయం ఉండేది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక సాఫ్ట్‌వేరు మాదాపూర్ దారి పట్టింది, చదువు మాత్రం అమీర్‌పేటలోనే నిలిచిపోయింది. ఆదిత్య ఎన్‌క్లేవ్‌లో నీలగిరి బ్లాకు, అన్నపూర్ణ బ్లాకు, సత్యం థియేటరు సందు, ఎక్కడ చూసినా గోడనిండా బోర్డులు. శతాబ్దం మారేముందు కోబాల్, ఆ తరువాత జావా, ఆపైన వెబ్ డిజైనింగు పేరుతో జావాస్క్రిప్టు, వి.బి.స్క్రిప్టు, ఫ్లాష్. జిల్లాల నుండి ట్రంకుపెట్టెలతో వచ్చిన పిల్లలు పొద్దున్న 7 గంటల బ్యాచికి టిఫిను తినకుండా పరుగెత్తేవారు. వాళ్లలో చాలామందికి సాయంత్రాలు నెట్ సెంటరులో కూర్చోవడమే జీతం, అదే ప్రాక్టికల్సు కూడా. పంజగుట్ట సెంటరులో మాకు ప్లగ్-ఇన్ వేసిన కుర్రవాడూ అలాంటివాడే. ఇన్‌స్టిట్యూట్ల సర్టిఫికెట్ల మీద నాకు పెద్ద గౌరవం లేదు కాని, ఈ నగరంలో సామాన్యుడి కంప్యూటరుకు మాట, పాట, బొమ్మ తగిలించినది ఆ పిల్లలే.

మాట, పాట మాత్రమే కాదు, తెలుగు అక్షరాన్ని కూడా తగిలించుకోవలసిన రోజులవి. తెలుగు టైపు లోయరు, హయ్యరు పాసైన మిత్రులకు ఇది ఇట్టే అర్థమవుతుంది. టైపు మిషను మీద తెలుగు అక్షరం పూర్తిగా ఉండదు, ముక్కలుగా ఉంటుంది. తలకట్టు వేరు, గుడి వేరు, వత్తు వేరు. పత్రికలవాళ్ల తెలుగు ఫాంట్లు కూడా అదే చేశాయి. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో మన అక్షరాల ముక్కలు కూర్చాయి. ఆ ఫాంటు మీ కంప్యూటరులో ఉంటే తెలుగు, లేకపోతే తలమీద చుక్కలూ గీతలూ ఉన్న ఏవో ఐరోపా అక్షరాలు. ఈనాడుది ఒక ఫాంటు, వార్తది ఒకటి, మిగిలినవాటివి మరికొన్ని. ఒకదాని కూర్పు మరొకదానికి పనికిరాదు. యూనికోడ్ 1991లోనే తెలుగుకు చోటిచ్చినా, ఇళ్లలోని కంప్యూటరులో అది కనబడడానికి 2001లో విండోస్ ఎక్స్‌పీ, దానితో గౌతమి ఫాంటు రావలసి వచ్చింది. అప్పుడు కూడా ఎక్స్‌పీ సీడీ పెట్టి, క్లిష్టలిపుల గడిలో టిక్కు పెడితేగాని వత్తులు కుదురుగా కూర్చునేవి కావు.

ఇక్కడ ఒక పేరు తప్పక చెప్పుకోవాలి. వెన్న నాగార్జున గారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలవడానికి కారకులు. మొజిల్లా బ్రౌజరుకు తగిలించే "పద్మ" అనే ఉపకరణాన్ని ఆయన తయారుచేశారు. పత్రికల ఫాంట్లలోని ముక్కలను బ్రౌజరులోనే చదివి యూనికోడ్ తెలుగులోకి మార్చేది పద్మ. ఏ ఫాంటూ దించుకోకుండా పత్రికలన్నీ ఒకే లిపిలో కనిపించాయి, వాటిలోని మాటను వెతకడానికీ, కాపీ చేసుకోవడానికీ వీలైంది. అదే పద్మలోని పనితనం ఆధారంగా 2006లో వీవెన్ గారు "లేఖిని" తెచ్చారు. ఇంగ్లీషు మీటలతో తెలుగు వ్రాసే ఆ పేజీ జావాస్క్రిప్టుతో నడుస్తుంది, ఏదీ వేసుకోనక్కర లేదు. మన సంఘం సర్క్యులర్లు చాలాకాలం దానిలో కొట్టినవే.

ఇంత మేలు చేసిన ప్లగ్-ఇన్‌లు ఎందుకు పోయాయి? ఇన్‌వర్డు గుమాస్తాకు సాయంగా పెట్టుకున్న మనిషికి రికార్డు రూము తాళాలు, ట్రెజరీ బిల్లుల తాళాలు అన్నీ ఇచ్చేస్తే ఏమవుతుంది? ప్లగ్-ఇన్‌కు అంత అధికారం ఉండేది. బ్రౌజరులో కూర్చున్నా, కంప్యూటరంతా దాని చేతిలోనిదే. యాక్టివ్-ఎక్స్ అయితే "వేసుకుంటారా?" అని ఒక గడి వచ్చేది, అవును, కాదు అని రెండు మీటలు. పాట వినాలని వచ్చినవాడు "కాదు" అని నొక్కుతాడా? ఆ అలవాటుమీదే దొంగలు బతికారు. మోడెమును మనకు తెలియకుండా ఐ.ఎస్.డి. నంబరుకు కలిపే దొంగ ప్రోగ్రాములు వచ్చేవి. సంగతి మాత్రం బిల్లు వచ్చాకే తెలిసేది. ఫ్లాష్‌లో లొసుగులు ఏటేటా బయటపడుతూనే వచ్చాయి. 2007లో వచ్చిన ఐఫోను అసలు ఫ్లాష్‌ను రానివ్వలేదు. పాటలు, వీడియోలు బ్రౌజరే స్వయంగా చూపించే హెచ్.టి.ఎం.ఎల్. 5 ప్రమాణం 2014లో ఖాయమైంది. 2015 సెప్టెంబరులో క్రోమ్, 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్ పాతతరహా ప్లగ్-ఇన్‌లకు తలుపు మూశాయి, ఫైర్‌ఫాక్స్ ఫ్లాష్‌ను మాత్రం ఇంకొంతకాలం ఉంచుకుంది. పద్మ వంటి పాత ఉపకరణాలకు కూడా ఫైర్‌ఫాక్స్‌లో 2017 నవంబరుతో చెల్లు. 2020 డిసెంబరు 31న ఫ్లాష్‌కు అడోబీ వారే రిటైర్‌మెంటు ఇచ్చారు. దానికి పెన్షను లేదు.

మన లైఫ్ సర్టిఫికెట్టు దగ్గర మాత్రం ఆ వాసన ఇంకా ఉంది. జీవన్ ప్రమాణ్ 2014 నవంబరు 10న మొదలైంది, ముఖం చూపించి పని పూర్తిచేసే సౌకర్యం 2021 నవంబరులో వచ్చింది. రెండు యాప్‌లు ఎందుకు వేసుకోవాలని సభ్యులు ఏటా నన్ను అడుగుతూనే ఉంటారు. ఆధార్ ఫేస్ ఆర్.డి. అనే రెండవదాన్ని మనం తెరిచి చేసేదేమీ లేదు, జీవన్ ప్రమాణ్ పిలిచినప్పుడు వచ్చి ముఖం సరిచూసి వెళ్లిపోతుంది. ప్లగ్-ఇన్ చేసిన ఉద్యోగమే. ఈ రెంటినీ ఫోనులోని ప్లేస్టోరు నుండే తీసుకోండి. లైఫ్ సర్టిఫికెట్టు పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏ ఫైలునూ ముట్టుకోవద్దు.

పంజగుట్ట సెంటరుకు తిరిగి వస్తాను. ముప్పావుగంట తరువాత రియల్‌ప్లేయరు ఎక్కింది. హెడ్‌ఫోను ఒక్కటే. చెరొక చెవికి ఒక డిప్ప ఆనించుకుని తలలు దగ్గరపెట్టి విన్నాం. రేడియో సిలోను పలికినట్టు గరగరమంటూ, "తాతా, నానమ్మా, బువ్వ తిన్నా" అన్నాడు. మూడుసార్లు విన్నాం. వెళ్లబోతూ మా ఆవిడ "దీన్ని ఇంటికి తీసుకెళ్లడానికి వీలవుతుందా బాబూ" అని అడిగింది. కుర్రవాడు లోపల ఎవరికో మోడెము కలుపుతున్నాడు. నేనే మౌసు పట్టి, ఆ లింకు మీద నొక్కి ఫ్లాపీలో దాచాను, పెద్ద ఘనకార్యం చేసినట్టు. ఆమె ఉన్నన్నాళ్లూ ఆ ఫ్లాపీ బీరువాలో నగల డబ్బా పక్కన ఉంది.

ఆమె పోయిన ఏడాది తరువాత అమీర్‌పేటలో ఒక కుర్రవాడి చేత దాన్ని తెరిపించాను. ఫ్లాపీ చదవడానికి వేరే డ్రైవు తెప్పించాడు పాపం. ఫ్లాపీ చెడలేదు. ఫైలు సైజు 68 బైట్లు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఒక్క లైను, మా అబ్బాయి యూనివర్సిటీ పేజీ అడ్రసు. ఆ రోజుల్లో ర్యామ్ అనే పేరుతో ఉన్న ఫైలులో గొంతు ఉండదు, గొంతు ఎక్కడ ఉందో చెప్పే చిరునామా మాత్రమే ఉంటుంది. అసలు గొంతు ఆర్.ఎ. ఫైలులో ఉండేది. ఆనాటి మోడెముకు తగిన రికార్డింగు నిమిషానికి 60 కిలోబైట్లు, మా ఫ్లాపీలో 20 నిమిషాలకు పైగా పట్టేది. ఆ పేజీ ఎప్పుడో తీసేశారు. మా అబ్బాయి దగ్గరా ప్రతి లేదు. మనవడికి ఇప్పుడు 28, ఫోనులో ఇంగ్లీషులో మాట్లాడతాడు.

సభ్యుల ఇళ్లలో ఆ కాలపు ఫ్లాపీలు, సీడీలు ఉంటే ముందు ఫైలు పేరు చివరి అక్షరాలు, సైజు చూడండి. ఆర్.ఎ., ఆర్.ఎమ్. అని ఉండి కిలోబైట్లలో సైజు ఉంటే అందులో గొంతు ఉన్నట్టే లెక్క. వి.ఎల్.సి. అనే ఉచిత ప్లేయరు చాలావాటిని ఇప్పటికీ పలికిస్తుంది. చేతకాకపోతే రెండో శనివారం సంఘం ఆఫీసుకు తీసుకురండి, ఫ్లాపీ డ్రైవు ఒకటి కొని నా దగ్గరే ఉంచుకున్నాను.