ఇస్లామిక్ కల్చర్ (త్రైమాసిక పత్రిక)

హైదరాబాదు నుంచి 1927లో మొదలైన ఆంగ్ల పరిశోధనా పత్రిక. ఇస్లామీయ మతచింతన, చరిత్ర, సాహిత్యం, విజ్ఞానశాస్త్రాలు దీని పరిధి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రభుత్వం దీనికి అండగా నిలిచింది.

తొలి సంపాదకుడు మార్మడ్యూక్ పిక్తాల్ (1875–1936). ఇంగ్లీషు నవలాకారుడు; 1917లో ఇస్లాం స్వీకరించాడు. బొంబాయి క్రానికల్ పత్రికను నడిపి, 1925లో చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడిగా హైదరాబాదుకు వచ్చాడు. ఖురాన్ అనువాదం పూర్తి చేసుకోవడానికి నిజాం ఆయనకు పూర్తి జీతంతో సెలవు కూడా ఇచ్చాడు. ఆ అనువాదం 1930లో వెలువడింది.

పిక్తాల్ పత్రికను మతప్రచారానికి పరిమితం చేయలేదు. దాని అసలు బలం అదే. జర్మన్ యూదు పండితుడు జోసెఫ్ హోరోవిట్స్ ప్రవక్త జీవితచరిత్రల తొలి రచయితలపై చేసిన పరిశోధన మొదటి సంచికల్లోనే వచ్చింది. ఇబ్న్ ఇస్‌హాక్, వాకిదీ వంటి ఆ తొలి రచయితల గురించి చదివేవారికి అది నేటికీ పనికొచ్చే రచన. ఐరోపా ప్రాచ్యవిద్యా పండితులూ భారతీయ ముస్లిం విద్వాంసులూ ఇలా ఒకే పత్రికలో కలిసి రాయడం ఆ రోజుల్లో తేలిక విషయం కాదు.

పిక్తాల్ 1935లో ఇంగ్లండుకు తిరిగి వెళ్లాక, ఆస్ట్రియా యూదు కుటుంబంలో పుట్టి ముస్లిం అయిన ముహమ్మద్ అసద్ కొంతకాలం సంపాదకత్వం వహించాడు. 1948లో నిజాం పాలన ముగిసినా పత్రిక ఆగలేదు. ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు హైదరాబాదు నుంచే వెలువడింది.