కోనసముద్రపు కొలుములు



బాసర యనగానే మనకు గోదావరీతీరము, సరస్వతీదేవి సన్నిధి, పిల్లల అక్షరాభ్యాసము జ్ఞప్తికి వచ్చును. 2008లో అచ్చట సాంకేతిక విశ్వవిద్యాలయము కూడ వెలసినది. అందలి విద్యార్థులు పుస్తకములలో చదువు ఉష్ణశాస్త్రమును ఈ సీమ కమ్మరులు పూర్వమే తమ చేతిపనిలో ఎరిగియుండిరి. ఆ కథను నేడు మీకు విన్నవించెదను.

బాసరకు తూర్పుగా, నిజామాబాదు జిల్లాలో, కోనసముద్రమను గ్రామము కలదు. 1820 ప్రాంతమున సర్వే శాఖలోని వైద్యుడును, భూగర్భశాస్త్రజ్ఞుడును అగు హెన్రీ వాయ్సీ అచ్చట ఉక్కు చేయు విధమును చూచి వ్రాసెను. ఆయన మరణానంతరము 1832లో ఆ వ్రాత కలకత్తాలో అచ్చయ్యెను. నిర్మల ప్రాంతపు దిమ్మదుర్తి ఖనిజమునుండి తీసిన ఇనుము ఆ పనికి వాడుచుండిరి. ఆ ఉక్కును కొనుటకు పారశీక వర్తకులు అంత దూరమునుండి వచ్చెడివారు.

ఉష్ణము వేరు, ఉష్ణోగ్రత వేరు. కొలిమినుండి ఎగిరిన నిప్పురవ్వ కాగులోని వేడినీటికంటె ఎన్నోరెట్లు తీక్ష్ణమైనది. అయినను అది చేతిపై పడిన చురుక్కుమని ఆరిపోవును. కాగునీరు మీద పడిన ఒడలంతయు బొబ్బలెక్కును. తీక్ష్ణతను తెలుపునది ఉష్ణోగ్రత. ఒకదానినుండి మరియొకదానికి ప్రవహించు శక్తి ఉష్ణము.

స్వచ్ఛమైన ఇనుము కరుగుటకు 1,538 డిగ్రీల సెంటీగ్రేడు కావలెను. అందు నూటికి ఒకటిన్నర పాలు బొగ్గుసారము కలిసినచో ఇంచుమించు నూరు డిగ్రీలు తక్కువలోనే కరగును. కోనసముద్రమువారు ఇనుమును మట్టిమూసలలోనుంచి, మూతలు మెత్తి, తిత్తులూదుచు ఒక రేయింబవళ్లు కాల్చి, కొలిమిలోనే మెల్లగా చల్లారనిచ్చెడివారు. ఉష్ణమాపకము వారికి లేదు. మంట రంగే వారి కొలత.

చల్లని ఇనుపచీలను సమ్మెటతో వడిగా మోదిన కాలునని ప్రతి కమ్మరియు ఎరుగును. ఆ వేడిమి ఎచ్చటిది? బాహుబలమే వేడిమిగా మారినది. 1840లలో ఇంగ్లండులో జేమ్స్ జౌల్, దిగుచున్న బరువులచే నీటిలో తెడ్లు త్రిప్పించి, ఈ మార్పునకు లెక్క కట్టెను. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ కాచుటకు సుమారు 4.2 జౌలుల శక్తి పట్టును.

మన కొలుములు ఏల ఆరిపోయెను? 1856లో ఆ దేశముననే హెన్రీ బెస్సెమర్ కరగిన పోతయినుములోనికి గాలి నూదించెను. అందలి బొగ్గుసారము, సిలికాను తామే మండి ఇనుమును మరింత కాచెను. వేరుగా వంటచెరకు అక్కరలేకపోయెను. ఇరువది నిమిషములలో టన్నులకొలది ఉక్కు సిద్ధమగుచుండగా, దినమెల్ల తిత్తులూది చిన్న ముద్దలు తీయు మనవారు ధరలో ఎట్లు నిలువగలరు? నేర్పు కొరవడలేదు, శక్తి వ్యయమే వారిని ఓడించినది.

గోదావరి వెంట దిగువకు పోయిన రామగుండము వచ్చును. 1983నుండి అచ్చట సింగరేణి బొగ్గు వేడిమి ఆవిరిగా, ఆవిరి చక్రభ్రమణముగా, అది విద్యుత్తుగా మారుచున్నది. బొగ్గునుండి వచ్చు శక్తిలో విద్యుత్తగునది మూడవవంతుకు అటునిటుగా మాత్రమే. తక్కినది నీటను, పొగను పోవును. జౌల్ లెక్కలో శక్తి నశింపదు, చెదరిపోవును.

2010లో విద్వాంసులు ఉత్తర తెలంగాణమున తిరిగి అనేక గ్రామములలో ఇనుపచిట్టెపు కుప్పలను గుర్తించిరి. అట్టివి మీ చెలకలలోను ఉండవచ్చును. చదును చేయుటకు ముందు వానిని పిల్లలకు చూపి, ఏ యింటివారు ఆ పని చేసెడివారో చెప్పుడు. చెదరిన వేడిమి తిరిగి చేతికి రాదు. చెప్పిన విద్య మాత్రము నిలుచును.