తప్పులూ అలవాట్లూ

మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి మొన్న మొదటిసారి కోడ్ పంపింది. మల్కాజ్‌గిరిలో ఇంట్లో కూర్చుని తెరిచి చూస్తే స్క్రీన్ నిండా ఎర్రగీతలు, 112. సెమికోలన్ లేదు, రెండు స్పేసుల బదులు నాలుగు, సింగిల్ కోట్ బదులు డబుల్ కోట్. "అన్నా, నాకు కోడింగ్ రాదేమో" అంది ఫోన్లో. ఆ రూల్స్ పెట్టింది నేనే. 112లో అసలు తప్పు ఒక్కటే: ఒకచోట అవెయిట్ మరిచింది. దాంతో డబ్బు జమ కాకముందే రసీదు వెళ్ళిపోతుంది. మిగతా 111 కింద పడి అది నాక్కూడా ఆలస్యంగా కనబడింది.

ఈ పనిముట్టు పుట్టింది అలాంటి తప్పులు పట్టడానికే. 1970ల చివర్లో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ 'లింట్' రాశాడు. లింట్ అంటే బట్టకి అంటుకునే నూగు. సీ కంపైలర్ చూసీ వదిలేసే అనుమానపు చోట్లని అది ఏరేది. 2002లో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ తెచ్చిన జేఎస్‌లింట్‌లో తప్పులతో పాటు ఆయన అభిరుచులూ రూల్సయ్యాయి. 2013లో నికొలస్ జకాస్ ఈఎస్‌లింట్ మొదలుపెట్టి, ఏ రూల్ ఉంచాలో ఏది తీసేయాలో ఎవరికి వారికే వదిలేశాడు. స్వేచ్ఛతో పాటు ట్యాబా స్పేసా అన్న పంచాయితీ కూడా ప్రతి టీమ్‌కీ వచ్చింది.

తెలుగువాళ్ళకి ఈ పంచాయితీ పాతదే. 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణం కావ్యభాషకి సూత్రాలు కట్టింది. అది గొప్ప పని. చిక్కల్లా ఆ సూత్రాలే బడిపిల్లల వచనానికీ కొలబద్ద కావడం. వాడుకమాట రాస్తే తప్పు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం ఇచ్చింది దీనిమీదే. గిడుగు రామమూర్తి ఇంకో పని చేశారు: గ్రాంథికం కావాలన్న పండితుల రాతల్లోనే వాళ్ళ వ్యాకరణం ప్రకారం తప్పులు ఏరి చూపించారు. రూల్ పెట్టినవాళ్ళ కోడ్ మీదే లింటర్ నడిపారన్నమాట.

నేనూ నా పాత ఫైళ్ళ మీద నడిపి చూశాను. మూడొందలు దాటాయి.

2017లో జేమ్స్ లాంగ్ ప్రిటియర్ తెచ్చాడు. అది ఎవర్నీ తప్పు పట్టదు, సేవ్ చేయగానే కోడ్‌ని తనే సర్దేస్తుంది. 2023లో ఈఎస్‌లింట్ కూడా ఫార్మాటింగ్ రూల్స్‌కి స్వస్తి చెబుతున్నట్టు ప్రకటించింది. ఆ రాత్రి నేనూ స్పేసులూ కోట్లూ ప్రిటియర్‌కి అప్పజెప్పి, లింటర్‌కి నిజమైన తప్పులు మాత్రమే మిగిల్చాను.

మర్నాడు ఆ అమ్మాయి అదే కోడ్ మళ్ళీ పంపింది. ఒక్క ఎర్రగీత. ఎందుకో తనే కనిపెట్టి, పది నిమిషాల్లో సరిచేసింది.