మా లంక సంఘానికి యాభై ఏళ్లు

మన మత్స్యకార సహకార సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఓ వ్యాసం రాయమని కార్యవర్గం కబురు పెట్టింది. ఉద్యోగం తాడేపల్లిగూడెంలో అయినా బొడ్డు కోసిన ఊరు ఈ లంకే. పెద్దలు అడిగితే కాదనగలనా!

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న మన కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్లు తెస్తాయి. అవన్నీ సముద్రానికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. వానాకాలం లంక చుట్టూ నీళ్లు, వేసవిలో నీరు తీసిన బురదలో వరి. నా చిన్నతనంలో బడికైనా, పురిటికైనా, పెళ్లికైనా తాటిదోనే. అమ్మ బిందెతో ముంచి తెచ్చిన కొల్లేటి నీళ్లే తాగి పెరిగాం. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. మావుల్లో పడిన కొర్రమీనులు, ఇంగిలాయిలు, మట్టగిడసలు కైకలూరుకీ ఆకివీడుకీ అమ్మకానికి వెళ్లేవి. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరునాళ్లకు దోనెలన్నీ ఒక్కసారి కదిలేవి. ముందు దోనెలో చోటు కోసం పిల్లలం కొట్టుకునేవాళ్లం.

వేట బతుకు ఏ ఏడుకాయేడు. వరసగా రెండు వరదలొస్తే వరి మునిగేది, షావుకారు దగ్గర పద్దు పెరిగేది. అలాంటి రోజుల్లో, 1976లో, జలగం వెంగళరావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా, కొల్లేటి గ్రామాల్లో సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు ఇచ్చారు. మన సంఘం పుట్టింది అప్పుడే.

మొదటి అధ్యక్షుడు మా పెదనాన్న. చదువు సంతకం వరకే. కానీ లెక్క దగ్గర ఆయనంత గట్టి మనిషిని నేను తర్వాత ఏ ఆఫీసులోనూ చూడలేదు. పట్టుబడి అయిన రాత్రి చావడిలో లాంతరు పెట్టి, బడి మాస్టారి చేత పద్దు పైకి చదివించేవారు. ఎన్ని బుట్టలు, ఏ ధర, ఐసుకెంత, కూలికెంత. చివరి వరసలో కూర్చున్నవాడు “తెలిసింది పెద్దయ్యా” అనేదాకా ఎవరినీ లేవనిచ్చేవారు కాదు. తన వాటా అందరికంటే ఆఖరున తీసుకునేవారు. ఈ సంఘం నిలిచిందంటే ఆ రాత్రుల వల్లనే.

తర్వాతి ఇరవై ఏళ్లు బాగానే గడిచాయి. బొచ్చెలు, శీలావతులు ఐసు పెట్టెల్లో కలకత్తా వెళ్లాయి, పాకలున్న చోట డాబాలు లేచాయి. ఆ ఏళ్లలోనే మేత, చేపపిల్ల, డీజిలు ఖర్చు మోయలేక మన చెరువును బయటివాళ్లకు లీజుకిచ్చాం. 1999లో ఐదో కాంటూరు అనే ఎత్తు గీత దాకా 308 చదరపు కిలోమీటర్లు పక్షుల అభయారణ్యం అయింది. 2002లో కొల్లేరు అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. కాగితం మీది ఆ గీత మన గట్టు మీదికి వస్తుందని ఊళ్లో ఎవరూ అనుకోలేదు.

2006లో వచ్చింది. అభయారణ్యంలోని చెరువులు తీసేయడానికి ఆపరేషన్ కొల్లేరు పేరుతో ప్రభుత్వ పొక్లెయిన్లు దిగాయి, గట్లకు మందుగుండు పెట్టారు. గట్టు తెగేలోగా దొరికినంత చేప పట్టి, అడిగిన ధరకే ఇచ్చేశాం. నీరు ఊడ్చుకుపోతుంటే పెదనాన్న గట్టు మీద నిలబడి ఎవరు పిలిచినా రాలేదు. ఆ రాత్రి చావడిలో చదవడానికి పద్దు లేదు.

కొల్లేరు బతకాలి. అందులో నాకు రెండో మాట లేదు. వేల ఎకరాల గట్లు నీటిదారికి అడ్డం పడ్డ మాట నిజం. చెరువుల మందులూ మేతా నీళ్లను పాడుచేసిన మాటా నిజం. కానీ ప్రభుత్వమే చేతికిచ్చిన సంఘం చెరువునూ, డబ్బున్నవాళ్లు ఆక్రమించి తవ్వుకున్న చెరువులనూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదని ఈనాటికీ అంటాను. లీజుదారుకు ఒక పంట పోయింది. మనకు చెరువే పోయింది. బదులుగా చూపిస్తామన్న ఉపాధి మా వీధిదాకా రాలేదు. కుర్రాళ్లు ఎక్కడెక్కడో చెరువుల మీద కాపలాకు, హైదరాబాదులో కట్టుబడి పనులకు వెళ్లిపోయారు. ఆ కష్టంలోనూ సంఘం తలుపు మూయలేదు. ఉన్న నిల్వతో వలలు కొనిచ్చి, మిగిలిన కుటుంబాలను మళ్లీ వేటకు పంపింది.

సంఘానికి సాయపడినవారిని తలుచుకోవడం నా విధి. కార్యవర్గం పంపిన జాబితా పెద్దదే. తొలి పాలకవర్గ సభ్యులు, భవనానికి స్థలం ఇచ్చిన రైతు, జీతం లేకుండా పద్దులు రాసిన మాస్టారు, అర్ధరాత్రి రోగులను దోనెల్లో ఒడ్డుకు చేర్చి ఏలూరు పెద్దాసుపత్రికి పంపినవారు, వలలు అల్లినవారు, దోనెలు చెక్కినవారు, గుడి చందా నుంచి సంఘానికి మొదటి పెట్టుబడి సర్దిన కులపెద్దలు. అందరి పేర్లూ సంచిక చివర అచ్చవుతున్నాయి. అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను.

ఆ జాబితాలో ఒక్క ఆడమనిషి పేరు కూడా లేదు. సంఘం చెరువుకు గట్టు వేసిన వేసవిలో తట్టలతో మట్టి మోసింది ఎవరు? నడుముల్లోతు బురదలో వరసకట్టి తట్ట అందించింది మన అమ్మలూ అక్కలూ. నాన్న పోయాక, ఇంట్లో మగదిక్కు లేదని మా అమ్మకు సగం వాటాయే ఇచ్చారు. సభ్యత్వ పుస్తకంలో ఆవిడ పేరు ఎక్కలేదు. పెదనాన్నంటే నాకు ఎంత గౌరవమో పైన రాశాను. ఆయన హయాంలోనే జరిగిందిది. అమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. ఇన్నేళ్లూ నేనూ అనలేదు.

కార్యవర్గానికి నా మనవి ఒకటే. సంఘం ఆఫీసు ముందు స్వర్ణోత్సవ శిలాఫలకం వేస్తున్నారు. చెక్కించేముందు ఊళ్లో మిగిలిన ముసలమ్మలను అడిగి, ఆ వేసవి మట్టి మోసిన ఆడవాళ్ల పేర్లు రాయించండి. వచ్చే సర్వసభ్య సమావేశంలో వేటకు వెళ్లే, చేప అమ్మే ప్రతి ఆడమనిషినీ పూర్తి వాటాతో సభ్యురాలిగా చేర్చే తీర్మానం పెట్టండి. అందుకయ్యే సభ్యత్వ రుసుము నేను కడతాను.