లైను ఆపే తాడు

మన ఐటీ కంపెనీల్లో 'క్రాస్ కల్చరల్ ట్రైనింగ్' అంటే ఏం చెప్తారు? జపాన్ వాళ్ళకి విజిటింగ్ కార్డు రెండు చేతులతో ఇవ్వాలి, అమెరికా వాళ్ళతో ముందు వాతావరణం గురించి రెండు ముక్కలు మాట్లాడాలి... ఇంతేగా! నేనూ బుద్ధిగా విన్నాను. కానీ అసలు సంగతి అది కాదని చెప్పే పాత కథ ఒకటుంది.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్‌కి ఓ కార్ల ఫ్యాక్టరీ ఉండేది. పనికి ఎగ్గొట్టేవాళ్ళు, యూనియన్‌తో గొడవలు, నాసిరకం కార్లు. చివరికి 1982లో మూసేశారు. 1984లో టయోటాతో కలిసి 'నుమ్మి' అన్న పేరుతో దాన్నే మళ్ళీ తెరిచారు. నడిపింది టయోటా. విచిత్రమేంటంటే, పనిలోకి తీసుకున్నది ఎక్కువగా ఆ పాత కార్మికుల్నే, యూనియన్ కూడా పాతదే! అయినా రెండు మూడేళ్ళలో అక్కడి కార్ల నాణ్యత జపాన్ ఫ్యాక్టరీకి దీటుగా వచ్చింది.

మరి మారిందేంటి? లైను పక్కన ఓ తాడు. తప్పు కనిపిస్తే ఎవరైనా లాగొచ్చు. టీమ్ లీడర్ పరిగెత్తుకొస్తాడు, సమస్య తీరకపోతే లైను ఆగుతుంది. పాత పద్ధతిలో లైను ఆపడమంటే ఉద్యోగానికి ఎసరే. అందుకే టయోటా తాడు కట్టేసి ఊరుకోలేదు. వందలమందిని జపాన్ తీసుకెళ్ళి తమవాళ్ళ పక్కన నిలబెట్టి పని చేయించింది. లాగినా ఎవరూ తిట్టరని కళ్ళారా చూశాకే వాళ్ళకి నమ్మకం కుదిరింది. అమెరికా కార్మికులతో ఎలా పనిచేయాలో టయోటా కూడా ఇక్కడే నేర్చుకుని, 1988లో కెంటకీలో సొంత ఫ్యాక్టరీ మొదలెట్టింది.

జనరల్ మోటార్స్ ఇదే పద్ధతిని వాన్ నైస్ ఫ్యాక్టరీలో పెట్టబోయింది. మేనేజర్లూ మారలేదు, కార్మికులూ నమ్మలేదు. 1992లో అదీ మూతపడింది. 2009లో కంపెనీయే దివాలా తీసింది. 2010లో నుమ్మి కూడా మూతపడి, ఆ ఫ్యాక్టరీ టెస్లా చేతికొచ్చింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే... ఓసారి రిలీజుకి రెండు వారాల ముందు డేటా మైగ్రేషన్‌లో తప్పుందని నాకు తెలిసింది. కాల్‌లో క్లయింటు అడిగితే "ఆన్ ట్రాక్" అన్నాను. పెద్దవాళ్ళ ముందు 'కాదు' అనకూడదని పెరిగినవాణ్ణి మరి! రిలీజు రాత్రి అది బద్దలైంది. నోరు మూసుకున్నది నేనే. ఆ క్లయింటుకి మా 'ఎస్'కి అర్థమేంటో తెలీదు, మావాళ్ళెవరూ చెప్పనూ లేదు.

నా మటుకు నాకు ఇన్నోవేషన్ అంటే ముందు 'ఇది బాగాలేదు' అనగలగడం. మనం స్టిక్కీ నోట్లు అతికించే కాన్‌బాన్ బోర్డు కూడా టయోటా నుంచి వచ్చిందే. బోర్డు తెచ్చుకున్నాం సరే, తాడు లాగినవాణ్ణి తిట్టకుండా ఉండే అలవాటు మాత్రం ఇంకా తెచ్చుకోలేదు.