నిండానని చెప్పని బ్యాటరీ

బ్యాటరీ నిండిందో లేదో తెలుసుకోవడమెలా అన్న ప్రశ్న 1859లో గాస్టన్ ప్లాంటే సీసపు బ్యాటరీని రూపొందించిన నాటి నుంచీ ఉన్నదే అయినా, అప్పట్లో దానికి జవాబు కంటికి కనిపించేది. ఛార్జింగు చివరికి వచ్చేసరికి ఆమ్లంలోని నీరు విడిపోయి బుడగలు లేచేవి. మూత విప్పి, ద్రవసాంద్రతను కొలిచే హైడ్రోమీటరులోకి ఆమ్లాన్ని పీల్చి చూస్తే, లోపలి తేలుడుబుర్ర 1.26, 1.28 అంకెల మధ్య నిలిచేది. తర్వాత వచ్చిన నికెల్ కాడ్మియం సెల్లు మూసిన డబ్బా కనుక అందులోకి తొంగిచూసే వీలు లేకపోయినా, నిండగానే లోపల పుట్టిన ఆక్సిజన్ మళ్లీ కలిసిపోతూ వేడెక్కించడం వల్ల వోల్టేజి కొన్ని మిల్లీవోల్టులు కిందికి జారేది, ఛార్జర్లు ఆ జారుడునే గుర్తుగా పట్టుకునేవి.

లిథియం సెల్లులో నీరు లేదు, అధికంగా వచ్చిన విద్యుత్తును హాని లేకుండా ఖర్చుచేసే రసాయన చర్యా లేదు. 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడినఫ్ బృందం ధనధ్రువానికి ఎంచుకున్న లిథియం కోబాల్ట్ ఆక్సైడు నుంచి అందులోని లిథియంలో సుమారు సగాన్నే నిరపాయంగా బయటికి లాగవచ్చు; అంతకు మించితే దాని పొరల అమరిక చెదురుతుంది, ఋణధ్రువం మీద లిథియం లోహంగా పేరుకునే ప్రమాదమూ ఉంటుంది. కనుక ఇక్కడ ‘నిండటం’ అనేది సెల్లు ప్రకటించే స్థితి కాదు, తయారీదారు గీసిన గీత. 1991లో సోనీ ఈ సెల్లులను మార్కెట్లోకి తెచ్చిన తర్వాత తొలి సంవత్సరాల్లో చాలావాటికి 4.1 వోల్టులే హద్దుగా ఉండగా, క్రమంగా అది 4.2కు, కొన్ని ఫోన్లలో 4.35కూ ఆ పైకీ జరిగింది. 4.2 వోల్టుల సెల్లును 4.1 దగ్గరే ఆపితే దాచుకునే విద్యుత్తు సుమారు పదోవంతు తగ్గినా ఆయుష్షు పెరుగుతుంది కాబట్టి, నూరు శాతమన్న అంకెను కొంత అనుమానంతో చూడటమే మంచిది.

హద్దును తాకినంత మాత్రాన పని ముగియదు. మొదట స్థిరమైన కరెంటుతో నింపి, వోల్టేజి 4.2కు చేరాక దాన్ని అక్కడే నిలిపి ఉంచితే, సెల్లు తీసుకునే కరెంటు తనంతట తానే సన్నగిల్లుతుంది. ధారను తగ్గించేది ఛార్జరేనని చాలామంది అనుకుంటారు గానీ, తగ్గించుకునేది సెల్లే. ఆ కరెంటు మొదటిదానిలో పదో వంతుకో ఇరవయ్యో వంతుకో దిగినప్పుడు నిండిందని తీర్మానిస్తారు. ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో చవకగా దొరికే టీపీ4056 చిప్పు పలకనే తీసుకుంటే, ఒక ఆంపియరుతో మొదలైన కరెంటు నూరు మిల్లీఆంపియర్లకు పడిపోగానే ఎర్ర దీపం ఆరి, నీలిదో ఆకుపచ్చదో వెలుగుతుంది. సీసపు బ్యాటరీకి ఇచ్చినట్టు సన్నని ధారను నిరంతరం ఇవ్వకుండా ఛార్జింగు అంతటితో ఆగిపోతుంది. సెల్లు వోల్టేజి 4.05 దగ్గరకు దిగితే తప్ప మళ్లీ మొదలుకాదు.

వోల్టేజిని చూసి ఎంత నిండిందో చెప్పడానికి అసలు చిక్కు తెచ్చిపెట్టింది విద్యుత్ వాహనాల్లో విరివిగా వాడుతున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు. దాని హద్దు 3.65 వోల్టులే, పైగా సగం ఖాళీ అయినా, ముప్పాతిక నిండినా వోల్టేజి ఇంచుమించు 3.3 దగ్గరే నిలిచి ఉంటుంది కాబట్టి, మధ్యదశలో ఎంత నిండిందో వోల్టుమీటరు చెప్పలేదు. అందుకని లోపలికి వచ్చిన విద్యుదావేశాన్నీ బయటికి పోయినదాన్నీ జమాఖర్చులా లెక్కగట్టే పద్ధతిని ఆశ్రయిస్తారు. ఆ లెక్కలోనూ చిన్న చిన్న తప్పులు పోగుపడతాయి కనుక, ఈ రకం బ్యాటరీ ఉన్న వాహనాన్ని అప్పుడప్పుడు పూర్తిగా ఛార్జి చేసి, వోల్టేజి నిటారుగా లేచే ఆ చివరి కొసన ఖాతాను సరిచూసుకోనివ్వవలసి వస్తుంది.