నాన్న త్రీ నాట్ త్రీ, అమెరికాలో మా అక్క కొడుకు

పోయిన మామిడి సీజన్‌లో, రసాలు దించి గడ్డిలో మగ్గేసే రోజుల్లో, ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ మోగింది. టెక్సస్ నుంచి మా అక్క కోడలు. ఆ అమ్మాయి ఎప్పుడు చేసినా ఆవకాయ కొలతలో, పిల్లాడి దగ్గుకి కషాయమో అడుగుతుంది. ఆ రోజు గొంతు తగ్గించి, "చిన్నత్తయ్యగారూ, ఆయన తుపాకీ కొన్నారండీ. అత్తయ్యగారికి చెప్తే బీపీ పెరుగుతుందని మీకు చేశాను. మీరు చెప్తే వింటారు" అంది.

నాకు నిద్ర ఎగిరిపోయింది. ఆ ఇంట్లో ఆరేళ్ళ పిల్లాడున్నాడు.

"ఎవరి మీదకమ్మా తుపాకీ?" అన్నాను.

"ఎవరి మీదకీ కాదండీ. పాతది. యుద్ధం నాటిది. అక్కడ సైన్యం వాడి వదిలేసిన తుపాకులు కొనుక్కుని దాచుకునేవాళ్ళున్నారు. ఆదివారం రేంజికి తీసుకెళ్ళి కాల్చి వస్తారు. వాళ్ళ తాతయ్య పట్టుకున్నది ఇదేనట."

అప్పుడు అర్థమైంది. వాళ్ళ తాతయ్య అంటే మా నాన్న. పోలీసు కానిస్టేబులుగా చేరి, హెడ్ కానిస్టేబులుగా రిటైరయ్యారు. వీడు ప్రతి వేసవి సెలవులకీ విస్సన్నపేట వచ్చి, తాతయ్య మంచం పక్కన చాప వేసుకుని త్రీ నాట్ త్రీ కబుర్లు వింటూ పడుకునేవాడు.

మర్నాడు వీడియోలో వాడే చూపించాడు. "పిన్నీ, ఇదిగో, ఇక్కడ చదువు" అంటూ కెమెరా దగ్గరగా పెట్టాడు. ఒక కిరీటం, దాని కింద జి.ఆర్.ఐ. అనే మూడక్షరాలు, ఆ కింద ఇషాపూర్, 1942. అమెరికాలో కొన్న తుపాకీ మీద మన బెంగాల్లోని ఊరి పేరు! ఆ మూడక్షరాలు అయిదో జార్జికీ, ఆరో జార్జికీ వాడిన గుర్తట, రాజూ చక్రవర్తీ ఆయనే అని. మన దేశపు కర్ర, మన దేశపు కార్మికుడి చెయ్యి, పేరు మాత్రం ఆయనది.

వాడితో వాదించే ముందు అసలు ఆ వస్తువేమిటో తెలుసుకుందామనిపించింది. తెలియకుండా వద్దంటే, "మీకు తెలియదులే పిన్నీ" అని ఒక్క మాటలో కొట్టిపారేస్తారు ఈ కాలం పిల్లలు. మామిడి పని అయ్యాక మధ్యాహ్నాలు కూర్చుని చదివాను. కొంత నాన్న చెప్పినవి గుర్తు చేసుకున్నాను. మీకూ చెప్తాను.

త్రీ నాట్ త్రీ అన్నది గొట్టం లోపలి కొలత. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 303 భాగాలు, అంటే 7.7 మిల్లీమీటర్లు. అసలు పేరు లీ ఎన్‌ఫీల్డ్. లీ అన్నది దాని బోల్టును, తూటాల పెట్టెను రూపొందించిన జేమ్స్ పారిస్ లీ పేరు. ఎన్‌ఫీల్డ్ లండన్ దగ్గర తుపాకుల కర్మాగారం ఉన్న ఊరు. పది తూటాలు పడతాయి. ఒకటి కాల్చగానే బోల్టు లాగి నొక్కితే ఇంకోటి సిద్ధం. బరువు నాలుగు కేజీలు. మా పెద్ద ఇత్తడి బిందె అంత.

ఎన్‌ఫీల్డ్ పేరు మన చరిత్రలో అంతకు ముందే ఉంది. 1857లో సిపాయిలు నోటితో కొరకాల్సిన తూటా కాగితానికి ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న మాట గుప్పుమంది కదా, అది ఎన్‌ఫీల్డ్ తుపాకీ తూటాయే. ఆ తిరుగుబాటు అణిచాక తెల్లవాళ్ళు పాఠం నేర్చుకున్నారు. మన సిపాయిలకు గురి కుదరని నున్నటి గొట్టం తుపాకులు ఇచ్చారు. తెల్ల సైనికుడి చేతిలో కొత్తది ఉంటే మనవాడి చేతిలో పాతది. 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉండగా ఆయుధాల చట్టం తెచ్చారు. అప్పటి నుంచి లైసెన్సు లేనిదే భారతీయుడి దగ్గర తుపాకీ ఉండకూడదు.

పోలీసుకి కూడా నమ్మి ఇచ్చింది లేదు. త్రీ నాట్ త్రీలనే తీసుకుని, గొట్టం లోపల మరలు తీసేసి, పది తూటాల పెట్టెలో చెక్కముక్క బిగించి, ఒక్కొక్క తూటాయే పెట్టుకునేలా మార్చి 410 మస్కెట్ అని ఇచ్చారు. ఇషాపూర్‌లోనే చేసేవారు. ఆ మస్కెట్టు పట్టుకున్నవాళ్ళతో నాన్న పనిచేశారు. "దొంగ పారిపోయాక పేలేది" అని నవ్వేవారు.

తుపాకీ ఎవరి చేతిలో ఉండాలన్న గొడవ మన మన్యంలో ఎంత పెద్దదైందో మీకు తెలుసు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు పోలీసు స్టేషన్లు. అల్లూరి సీతారామరాజు దళం డబ్బు కోసం వెళ్ళలేదు, తుపాకుల కోసం వెళ్ళింది. మొత్తం 26 తుపాకులు, 2500 పైచిలుకు తూటాలు దొరికాయి. ఏమేం తీసుకెళ్ళిందీ స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళాడు రాజు. నెల తిరగ్గానే, సెప్టెంబరు 24న, దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు ఆ దళం చేతిలో చనిపోయారు. తర్వాత మలబారు పోలీసులు వచ్చారు, అస్సాం రైఫిల్స్ వచ్చింది. 1924 మే 7న రాజును కాల్చి చంపారు.

ఇది అందరికీ తెలిసిన కథే. నాన్నకు మాత్రం అందులో ఆ రాసి పెట్టిన లెక్కంటేనే ఇష్టం. తాను జీతం తీసుకున్నది పోలీసు శాఖలో, మొక్కింది రామరాజుకు. "దోచుకున్నవాడు కూడా లెక్క రాశాడు, అదీ మనిషంటే" అనేవారు.

స్వాతంత్ర్యం వచ్చినా ఆ తుపాకీ పోలేదు. 1962లో హిమాలయాల మీద చైనా సైన్యానికి ఎదురు నిలిచిన మన జవాన్ల చేతుల్లో ఉన్నది అదే. అవతలివాళ్ళ దగ్గర బోల్టు లాగే పని లేని తుపాకులున్నాయి. ఆ తర్వాతే మన సైన్యం మార్చుకుంది. సైన్యం వదిలింది పోలీసులకు వచ్చింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 పరేడ్‌లో చివరిసారి పట్టుకుని దానికి వీడ్కోలు చెప్పారు. ఇక మిగిలినవాటిని వ్యాపారులు కొని ఓడల్లో విదేశాలకు తీసుకెళ్ళారు. అలా వెళ్ళినదే మా వాడి చేతిలో పడింది. అమెరికాలో యాభై ఏళ్ళు దాటిన తుపాకీకి పురావస్తువు హోదా ఉంటుందట, వాటిని సేకరించేవాళ్ళకు విడిగా ఒక లైసెన్సు కూడా ఇస్తారట. మన దగ్గరైతే 303 మామూలు మనిషి కొనటానికే లేదు, నిషేధం. లైసెన్సు మీద దొరికేది 315 రైఫిలు, ఈ 303కి తమ్ముడి లాంటిది. సైన్యం తూటా అందులో పట్టకూడదనే ఆ కొలత.

నేను ఆ తుపాకీని దగ్గరగా చూసింది ఎనిమిదో తరగతిలో. మధ్యాహ్నం క్యారేజీ తీసుకెళ్తే నాన్న స్టేషన్ వెనక వేపచెట్టు కింద కూర్చుని తుడుస్తున్నారు. ముందు రోజు ఫైరింగ్ ప్రాక్టీసు. టీ కొట్టు నుంచి సలసల కాగే నీళ్ళు తెప్పించి, గరాటా పెట్టి గొట్టంలో పోశారు. తూటా మందులో ఉప్పు లాంటిది ఉంటుందని, నూనెకి అది పోదని, మరిగే నీళ్ళే కడగాలని చెప్పారు. తర్వాత ఇత్తడి గుండు కట్టిన తాడుకు ఫ్లానెల్ గుడ్డ తగిలించి ఇటు నుంచి అటు లాగారు. బియ్యం జల్లెడ పట్టేటప్పుడు మా అమ్మ మొహంలో ఉండే శ్రద్ధే ఆయన మొహంలో ఉంది.

ఆ ముందు రాత్రి మాత్రం ఇంట్లో అన్నం ఎవరూ తినలేదు. ప్రాక్టీసులో ఎన్ని తూటాలు ఇస్తే అన్ని ఖాళీ ఇత్తడి గొట్టాలు తిరిగి అప్పజెప్పాలి. నాన్నకు పది ఇచ్చారు, తొమ్మిదే దొరికాయి. మిగతావాళ్ళు వెళ్ళిపోయారు. నాన్న, తోటి కానిస్టేబులు ఒకాయన, ఇద్దరూ లాంతరు పెట్టుకుని ముళ్ళ కంపల్లో మోకాళ్ళ మీద పాకుతూ వెతికారు. ఎనిమిది దాటాక దొరికింది. ఇంటికొచ్చేసరికి మోకాళ్ళు చీరుకుపోయి ఉన్నాయి. అమ్మ పసుపు అద్దుతూ, "చిటికెన వేలంత ఇత్తడి ముక్కకి ఇంతా?" అని ఏడ్చింది. నాన్న, "తూటాకి లెక్క చెప్పలేనివాడి చేతికి తుపాకీ ఎందుకే" అన్నారు. అంతే, ఇంకో మాట లేదు.

ఎన్నికలొస్తే చుట్టుపక్కల లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్‌లో జమ చేయాలి. ఆ పుస్తకం రాసేది కూడా నాన్నే. తోటల పెద్దలు తమ తుపాకీ గురించి గొప్పలు చెప్తుంటే, తల ఎత్తకుండా నంబరు మాత్రం అడిగేవారు. మా తోటకి ఎన్నడూ తుపాకీ లేదు. చిలకలకి వడిసెల, కోతులకి డబ్బా మోత. దాంతోనే ఇన్ని కాపులు దించుకున్నాం.

ఇవన్నీ తలకెక్కించుకుని వాడికి ఫోన్ చేశాను. వాడు సంబరంగా ముందుకు కొట్టిన అడ్డ మర చూపించాడు. మన ఎండకీ వానకీ కర్ర పగలకుండా ఇషాపూర్‌లో అదనంగా బిగించేవారట. కాల్చాక గరాజులో కెటిల్ పెట్టి మరిగే నీళ్ళు పోస్తున్నానని కూడా చెప్పాడు. నాకు కళ్ళు చెమర్చాయి. టెక్సస్‌లో, టీ కొట్టు లేని చోట, మా నాన్న పని ఒకడు చేస్తున్నాడు.

"బాగుందిరా. తూటాలెన్ని ఉన్నాయి?" అన్నాను.

"ఉన్నాయి పిన్నీ, డబ్బాడు."

"డబ్బాడంటే ఎన్నిరా?"

వాడు మాట్లాడలేదు.

"తుపాకీ ఎక్కడ పెట్టావు?"

"బట్టల అలమరలో, పైన."

"మీ వాడు స్టూలు ఎక్కి చాక్లెట్ డబ్బా దించింది పోయిన నెలే కదూ? వీడియో నువ్వే పంపావు."

అప్పుడు నాన్న మోకాళ్ళ సంగతి చెప్పాను. ఇన్నేళ్ళూ వాడికి తెలియదు. తాతయ్య వాడికి పరేడ్ల కబుర్లు, దొంగల కబుర్లు చెప్పారు గానీ, ముళ్ళ కంపల్లో పాకిన రాత్రి చెప్పలేదు. మగవాళ్ళు మనవళ్ళకి అలాంటివి చెప్పరు. చూసినవాళ్ళం మనం చెప్పాలి. వాయవ్య సరిహద్దులో తుపాకీ దొంగల భయానికి సైనికులు దాన్ని గొలుసుతో ఒంటికి కట్టుకుని పడుకునేవాళ్ళని చదివాను, అదీ చెప్పాను. "మీ తాతయ్య ఒక్కరోజు కూడా దాన్ని ఇంటికి తేలేదురా. నేను, మీ అమ్మ, మీ మామయ్య ఉన్న ఇంట్లోకి అది అడుగు పెట్టలేదు. నువ్వు ఆయన తుపాకీ కొన్నావు, బానే ఉంది. ఆయన పద్ధతి కొనుక్కోలేదు" అన్నాను.

కాస్త గట్టిగానే అన్నానేమో, రెండు రోజులు వాడి నుంచి మెసేజీ లేదు. కోడలికి చేసి, "తప్పు మాట్లాడానా అమ్మా?" అని కూడా అడిగాను. "లేదండీ, గరాజులో ఏదో కొలతలు తీసుకుంటున్నారు" అంది.

ఆ వారం చివర మూడు ఫొటోలొచ్చాయి. ఒకటి గోడకు బిగించిన ఇనప బీరువా. రెండోది బోల్టు తీసేసి ఉన్న తుపాకీ. బోల్టు ఒక చోట, తూటాలు ఇంకో చోట, రెండూ వేరే తాళాల్లో. ఆ తాళం చెవుల్లో ఒకటి కోడలి దగ్గరే. మూడోది ఒక నోటు పుస్తకం మొదటి పేజీ. తేదీ, తీసుకెళ్ళినవి, కాల్చినవి, తెచ్చిన ఖాళీలు, మిగిలినవి. గళ్ళు గీసి తెలుగులో రాశాడు. అక్షరం కాస్త వంకరగా ఉంది గానీ, చదవటానికి వీలుగానే ఉంది.

తుపాకీ అమ్మెయ్యరా అని నేను అనలేదు. అనాల్సిందని మా అక్క ఇప్పటికీ నామీద గుర్రుగా ఉంది. ఆవిడకి తెలిసిపోయింది లెండి, కోడలే చెప్పింది. ఆవిడ భయం తప్పని నేననను. ఆరేళ్ళ పిల్లాడున్న ఇంట్లో అసలు లేకపోవటమే మేలని నాకూ లోపల ఉంది. కానీ వద్దంటే దాచుకునే వయసు వాడిది, ముప్పై ఆరు. దాచిన తుపాకీ కంటే లెక్కలో ఉన్న తుపాకీ నయమనిపించింది.

మీ పిల్లలు కూడా విదేశాల్లో ఉంటే, ఇలాంటి ఫోన్ మీకూ రావచ్చు. అరవకండి. ముందు "ఎన్ని ఉన్నాయి, ఎక్కడ పెట్టావు, తాళం ఎవరి దగ్గర" అని అడగండి. బియ్యం డబ్బాకీ, బంగారానికీ మనం రోజూ వేసుకునే ప్రశ్నలే అవి.

నిన్న ఆదివారం వాడు రేంజి నుంచి మెసేజీ పెట్టాడు. "ఇరవై తీసుకెళ్ళాను పిన్నీ, ఇరవై తెచ్చాను." నేను ఆ మాట నాన్న ఫొటో ముందు దీపం పెట్టేటప్పుడు చెప్పాను.